అడిగితే ‘బాగుంది’ అన్నావు కదా చెల్లె

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. గురుకులంలో టీచర్ ఉద్యోగం వచ్చింది, మొదటి జీతం పడింది. అత్తమ్మను, మామయ్యను ఒక పెద్ద హోటల్‌కు తీసుకెళ్లాలని ఎప్పటినుంచో కోరిక. మామయ్య ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి దుకాణంలో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేసి మానేశారు. ఇద్దరూ చైనీస్ తిండి ఎన్నడూ రుచి చూడలేదు. రెండో శనివారం నాకు సెలవు దొరికితే మా ఆయనతో కలిసి నలుగురం వెళ్లాం. చేరేసరికి మధ్యాహ్నం రెండుంబావు. హోటల్ మొదటి అంతస్తులో చైనీస్ రెస్టారెంట్, బయట సెట్ లంచ్ బోర్డు. సూప్, స్టార్టర్, ఫ్రైడ్ రైస్, నూడుల్స్, గ్రేవీ, చివర్లో స్వీటు. వెజ్ రూ.549, నాన్‌వెజ్ రూ.649. అత్తమ్మ శనివారం నీసు ముట్టదు, రాత్రి అన్నం తినదు. అందుకని ఆమెకూ నాకూ వెజ్ చెప్పి, వాళ్లిద్దరికీ నాన్‌వెజ్ చెప్పాను.

సూప్ గోరువెచ్చగా వచ్చింది. పైన చల్లిన వేయించిన నూడుల్స్ అప్పటికే మెత్తబడి ఉన్నాయి. అత్తమ్మ సూప్‌లో గుడ్డు పోగులు కనిపిస్తే గిన్నె పక్కకు జరిపింది. మంచూరియా గోలీల్లా ఉంది, చెంచాతో నొక్కితే ప్లేటు దాటి టేబుల్ మీద పడింది. ఫ్రైడ్ రైస్ ఉండలు ఉండలు, నూడుల్స్ తాడు, గ్రేవీ మీద తెట్టు. మామయ్య ఆ ఎర్ర గ్రేవీని చెంచాతో కదిలించి ‘గిది మిర్చి రంగు కాదు బిడ్డా’ అన్నారు. స్వీటు అయిపోయిందని తలకో గులాబ్‌జామ్ పెట్టారు. బిల్లు రూ.2,906. అందులో సర్వీస్ చార్జి పది శాతం, నీళ్ల సీసా ఒక్కోటి అరవై రూపాయలు. లేచేటప్పుడు వడ్డించేవాళ్ల మీద పెద్దగా ఉండే కెప్టెన్ వచ్చి ‘ఎలా ఉంది మేడమ్’ అంటే బాగుందనే చెప్పాను. మా ఆయన ‘పైసలు పోతే పోయినయ్, లొల్లెందుకు’ అంటాడు. అత్తమ్మ మాత్రం ‘మా కోడలు చైనా బువ్వ పెట్టింది, గోలీలు పెట్టిండ్రు, తాడు పెట్టిండ్రు’ అని వాడకట్టంతా చెప్పి నవ్విస్తోంది. గుడ్డు మాట ఒక్కటీ ఎక్కడా ఎత్తలేదు. నాకు ఏడుపొస్తోంది. ఒక్క స్టార్ ఇచ్చి ‘థర్డ్ క్లాస్ హోటల్, ఎవరూ పోకండి’ అని రాసిపెట్టుకున్నాను, ఇంకా పెట్టలేదు. పెట్టనా? డబ్బులు వెనక్కి వస్తాయా? అత్తమ్మ దగ్గర తలెత్తుకునేదెట్లా?
— ఒక పాఠకురాలు

జవాబు: చెల్లె, ముందు నా సంగతి విను. చాలా ఏళ్ల కింద కరీంనగర్‌లో మా నాన్నకు కంటి ఆపరేషన్ అయింది. పట్టీ విప్పిన రోజు సంతోషంగా ఒక హోటల్‌కు తీసుకెళ్లాను. అక్కడా ఇదే వరస, మధ్యాహ్నం చైనీస్ భోజనం, తలకింత అని రేటు. నూడుల్స్‌లో ఫోర్కు గుచ్చి లేపితే ప్లేట్లో ఉన్నదంతా ఒక్క ముద్దగా లేచి వచ్చింది. నల్లకోటాయన వచ్చి ఎలా ఉందని అడిగాడు. ‘చాలా బాగుంది’ అన్నాను. పైగా యాభై రూపాయలు టిప్పు పెట్టాను. ఆటో ఎక్కాక మా నాన్న ఒకటే మాట అడిగాడు: ‘గంత బాగుంటె సగం ఎందుకు ఇడిసిపెట్టినవే?’ నా దగ్గర జవాబు లేదు. హోటల్ గేటు దాటేదాకా నోరు రాలేదు, దాటాక కోతిరాంపూర్ వచ్చేదాకా తిట్టడం ఆపలేదు.

కాబట్టి ‘ఎందుకు చెప్పలేదు’ అని నిన్ను దబాయించే అర్హత నాకు లేదు. పెట్టినవాళ్ల ఎదుట వంక పెట్టొద్దని చెప్పి పెంచారు మనల్ని. పెళ్లిలో పప్పు మాడినా ‘మంచిగుంది వదినా’ అనే తింటాం. చుట్టాల ఇంట్లో అది చెల్లుతుంది, అక్కడ నువ్వు విస్తరికి బిల్లు కట్టవు. హోటల్లో ఆ కెప్టెన్ అడిగిన ప్రశ్న అతని డ్యూటీలో భాగం. నువ్వు ‘బాగుంది’ అనగానే అతని పని అయిపోయింది, నీ కేసు కూడా సగం అయిపోయింది. రేపు నువ్వు ఫోన్ చేస్తే వాళ్లు మొదట అనేది ఇదే: ‘మేడమ్, ఆ రోజు బాగుందన్నారు కదా!’

నీ లేఖను మా తమ్ముడికి చదివి వినిపించాను. తమ్ముడంటే మా చిన్నమ్మ కొడుకు. హోటల్ వంటగదుల్లో పన్నెండేళ్లు పనిచేశాడు. మొదట గిన్నెలు తోమాడు, తర్వాత ఉల్లిగడ్డలు కోశాడు, చివరికి చైనీస్ మాస్టర్ పక్కన సెకండ్‌గా నిలబడ్డాడు. ఇప్పుడు కాజీపేటలో సాయంత్రం పూట సొంత బండి. సూప్ దగ్గరికి రాగానే నన్ను ఆపాడు. ‘వాళ్లు పోయింది ఎన్ని గంటలకు?’ అన్నాడు. రెండుంబావు అన్నాను. ‘అయితే అది పన్నెండింటి సూప్ అక్కా’ అన్నాడు.

వాడు చెప్పినదాంట్లో నీకు పనికొచ్చేది చెప్తాను. మెనూ చూసి విడిగా ఆర్డరిస్తే కెప్టెన్ చీటీ రాస్తాడు, దాన్ని వాళ్లు కేఓటీ అంటారు. ఆ చీటీ వంటగదిలోకి వెళ్లాకే మాస్టర్ మంట పెంచుతాడు. సెట్ లంచ్‌కు అంత తతంగం లేదు. పన్నెండు లోపే అన్నీ చేసి హాట్ కేస్‌లో పెట్టేస్తారు, వచ్చినవాళ్లకు వచ్చినట్టు గరిటెతో తోడిపెట్టడమే. మీటింగులకు వచ్చి గంటలో తిని లేవాల్సినవాళ్లకు అది సుఖం. పన్నెండున్నరకు కూర్చుంటే నీకూ ఫర్వాలేదనిపించేది. రెండుంబావుకు వెళ్లినవాళ్లకు మిగిలేది అడుగు.

ఇడ్లీ సాంబారో, పప్పు, కూరో రెండు గంటలు వేడి మీద ఉంటే పెద్ద తేడా రాదు, ఒక్కోసారి రుచి పెరుగుతుంది కూడా. చైనీస్ పేరుతో మనం తినేది అట్లా కాదు. ఆ గ్రేవీకి చిక్కదనం వచ్చేది కార్న్‌ఫ్లోర్ కలిపిన నీళ్లతో, అంటే ఒక రకం గంజితో. దాన్ని గంటలకొద్దీ వేడి మీద ఉంచితే పట్టు విడిచి నీళ్లవుతుంది. చల్లారనిస్తే పైన తెట్టు కట్టి కింద జెల్లీలా బిగుస్తుంది. నువ్వు చూసిన తెట్టు అదే. ఫ్రైడ్ రైస్‌కు అన్నం ముందే వండి, ఆరబెట్టి, చల్లబడ్డాక పెద్ద మంట మీద ఎగరేయాలి. అప్పుడే మెతుకుకు మెతుకు విడిగా నిలబడుతుంది. ఆ అన్నాన్నే తీసి మూత కింద పెడితే లోపలి ఆవిరి నీళ్లై మళ్లీ అన్నం మీదే కారుతుంది, ఉండలు కట్టక ఏం చేస్తుంది? మంచూరియా సంగతి ఇంకా అన్యాయం. క్యాబేజీ తురుముకు ఉప్పు తగలగానే నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లు పిండే ఓపిక లేనివాళ్లు ఉండ నిలవడానికి మైదా మీద మైదా కలుపుతారు. పొద్దున ఒకసారి వేయించి, వడ్డించే ముందు మళ్లీ నూనెలో వేసి తీస్తారు. అది కాస్తా గోలీ అవుతుంది, సాస్ పైన కోటులా ఉంటుందే తప్ప లోపలికి పోదు. ఒకటి విరిచి చూశావా? నడుమ తెల్లగా పొడిపిండిలా ఉండి ఉంటుంది.

‘చైనీస్ అంటే మంట అక్కా. మంట మీంచి ప్లేట్లకు, ప్లేట్లకెల్లి నోట్లకు. నడుమల ఏది అడ్డమొచ్చినా పోయినట్టే’ అన్నాడు వాడు. హాస్టల్ పిల్లలు సాయంత్రం బండ్ల దగ్గర ఎనభై రూపాయలకు తినే ఫ్రైడ్ రైస్ నీ ఆరొందల సెట్ కన్నా బాగుండడానికి కారణం ఇదే. అక్కడ కడాయి ఒకటే, ప్లేటు ఒకటే, నీ కళ్ల ముందే మంట లేస్తుంది. శుభ్రం సంగతి వేరే లెక్క, దాని జోలికి నేను పోను.

పైగా సెట్ లంచ్ మన తినే పద్ధతికి కూడా నప్పదు. మనవాళ్లు సూప్ అనగానే ఏమంటారు? వన్ బై టూ. నలుగురు కూర్చుంటే రెండు సూపులు నాలుగు గిన్నెల్లో వస్తాయి. ఒక స్టార్టర్ నడుమ పెట్టుకుని తలా నాలుగు ముక్కలు తీసుకుంటాం. నువ్వు లేఖతో పాటు ఆ హోటల్ మెనూ ఫోటో పంపావు కదా, అందులోంచే లెక్క వేశాను. సూప్ వన్ బై టూ రెండు, రూ.320. వెజ్ మంచూరియా రూ.260, చిల్లీ చికెన్ రూ.320, వెజ్ ఫ్రైడ్ రైస్ రూ.240, వెజ్ నూడుల్స్ రూ.250. మొత్తం రూ.1,390, ఐదు శాతం జీఎస్టీ కలిపితే రూ.1,460 లోపు. నువ్వు కట్టినదాంట్లో సుమారు సగం, అదీ వేడివేడిగా అప్పుడే చేసింది. సెట్ అనే మాటలో చవక అనే అర్థం వినిపిస్తుంది మనకు. నలుగురు పంచుకుని తినేవాళ్లకు అది చవకేం కాదు.

ఇక గుడ్డు సంగతి. నీ లేఖను రెండుసార్లు చదివాను. ఫ్రైడ్ రైస్‌కు, నూడుల్స్‌కు, గులాబ్‌జామ్‌కు, అన్నింటికీ చోటిచ్చావు. గుడ్డుకు ఒక్క వాక్యం. నీ లేఖలో నాకు కోపం తెప్పించింది ఆ వాక్యమే. చల్లారిన సూప్ రుచి సంగతి, ఎవరి నాలుక వాళ్లది. వెజ్ అని చెప్పి ఆర్డర్ తీసుకుని గుడ్డు పెట్టడం రుచి సంగతి కాదు. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లో గుడ్డు మాంసాహారం కిందకే వస్తుంది. ఇది ఎట్లా జరిగి ఉంటుందని తమ్ముడిని అడిగితే రెండు దారులున్నాయన్నాడు. చికెన్ సూప్ గిన్నె, వెజ్ సూప్ గిన్నె ట్రేలో తారుమారై ఉండాలి. లేదంటే అన్నిటికీ ఒకటే సూప్ కుండ పెట్టి అందులోనే ఎవరో గుడ్డు కొట్టి పోసి ఉండాలి. రెండోదైతే నీ గిన్నెలోనూ గుడ్డు ఉండాల్సిందే. నువ్వు శనివారం పట్టింపు లేనిదానివి కాబట్టి చూసుకోలేదేమో.

ఆమె రాత్రి అన్నం తినదని నువ్వే రాశావు. అంటే ఆ రోజుకు ఆమెకు ఉన్న ఒక్క భోజనం అది. సూప్ పక్కకు పెట్టింది, మిగతాది కూడా ఏ గరిటె తగిలిందో అన్న అనుమానంతో ఎంత తిని ఉంటుంది? ఇంటికొచ్చాక ఏం తిన్నదో అడిగావా? అసలు శనివారం నాడు, ఆ నియమం ఉన్న మనిషిని, కొత్త రకం తిండికి, అదీ రెండు దాటాక తీసుకెళ్లడంలో నీ పొరపాటు కూడా ఉంది. చెప్పక తప్పదు. సెలవు ఆ రోజే దొరికిందంటావు. మరునాడు ఆదివారం ఉంది కదా చెల్లె!

ఆ క్షణంలో చేయాల్సింది చిన్న పని. గిన్నె అక్కడ ఉండగానే కెప్టెన్‌ను పిలవాలి. వడ్డించే అబ్బాయిని అడిగి లాభం లేదు, వాడికి వంటగదిలో మాట చెల్లదు. ‘ఇది వెజ్ సెట్, ఇందులో గుడ్డు ఉంది, చూడండి’ అని గిన్నె చూపించాలి. గొంతు పెంచనవసరం లేదు. ఒక ఫోటో తీసుకోవాలి. మిగతావి కూడా అంతే, రెండు చెంచాలు తినగానే చెప్పాలి, సగం ప్లేటు ఖాళీ అయ్యాక చెబితే వాళ్లు నమ్మరు. ‘బాగాలేదు’ అంటే వాళ్లకూ ఏం అర్థం కాదు. ‘సూప్ చల్లగా ఉంది’, ‘ఫ్రైడ్ రైస్ ఉండ కట్టింది, కొత్తగా చేసి తెప్పించండి’ అని చెబితే చేయక తప్పదు. చైనీస్ వంటగదిలో అన్నీ కోసి, ఉడికించి పెట్టుకుంటారు కాబట్టి ఒక ప్లేటు మళ్లీ చేయడానికి ఐదారు నిమిషాలు చాలు. తమ్ముడు పన్నెండేళ్లలో ఎన్నో ప్లేట్లు వెనక్కి రావడం చూశాడట. మర్యాదగా చెప్పి పంపినవాళ్ల ప్లేటును మాస్టర్ కాస్త శ్రద్ధగానే చేస్తాడు అంటాడు. దాని మీద ఏవేవో పుకార్లు ఉన్నాయి కదా అంటే నవ్వాడు, ‘అంత తీరిక ఎవరికుంటది అక్కా’ అన్నాడు.

మామయ్య చెప్పిన రంగు మాట నేను తేలిగ్గా తీసుకోలేదు. ముప్ఫై ఏళ్లు తేజా, వండర్ హాట్, చపాటా రకాల మిర్చి బస్తాల నడుమ తిరిగిన మనిషి ఆయన. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది దేనికి? కారం తక్కువ, ఎరుపు ఎక్కువ అనే గుణానికే. మిర్చి ఎరుపు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. వంటల్లో కలిపే కృత్రిమ రంగులు సాధారణంగా నీళ్లలో కరిగేవి. తడి టిష్యూ మీద ఒక చుక్క గ్రేవీ వేస్తే మిర్చి రంగు నూనె మరకలా ఉన్నచోటే ఉంటుంది, కృత్రిమ రంగైతే తడి వెంట గులాబీ రంగులోనో నారింజ రంగులోనో పాకుతూ పోతుంది. ఇది ల్యాబ్ రిపోర్టుతో సమానం కాదు, ఒక అనుమానానికి ఆధారం, అంతే. గోబీ మంచూరియాలో, పీచు మిఠాయిలో కృత్రిమ రంగులు వాడొద్దని 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం నిషేధం పెట్టింది గుర్తుందా? అప్పటినుంచి నేను నిప్పులా మెరిసే మంచూరియా కనిపిస్తే చెయ్యి వెనక్కే తీసుకుంటాను. ఈ ముక్క మామయ్యకు చదివి వినిపించు, సంతోషిస్తారు.

‘చైనోళ్లు నిజంగ గిదే తింటరా’ అని ఎవరైనా అడిగితే మాత్రం తినరని ధైర్యంగా చెప్పు. మంచూరియా అనేది చైనా ఈశాన్యాన ఉన్న ప్రాంతం పేరు, అక్కడ ఈ వంటకం లేదు. కోల్‌కతాలో పుట్టి పెరిగిన చైనా సంతతి వంటమాస్టర్ నెల్సన్ వాంగ్ 1975లో ముంబై క్రికెట్ క్లబ్‌లో చేశాడని అందరూ చెప్పుకునే కథ. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన కూరకు వేసినట్టే వేసి, గరం మసాలా బదులు సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ వేశాడట. అంటే అది సగం మన కూరే. అత్తమ్మ దాన్ని చైనా బువ్వ అంటే చైనావాళ్లు ఒప్పుకోరు.

డబ్బుల సంగతికి వద్దాం. అన్నం బాగాలేదని మొత్తం వాపసు ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు, తిని, బాగుందని చెప్పి, బిల్లు కట్టి వచ్చావు. నీళ్ల సీసాల మీద కోపం ఉంది కానీ అక్కడా చేసేదేం లేదు. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. ఈసారి మామూలు నీళ్లు అడుగు, కూజాతో తెస్తారు.

సర్వీస్ చార్జి మాత్రం వదలొద్దు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. దాని ప్రకారం అడగకుండా, తనంతట తానుగా బిల్లులో సర్వీస్ చార్జి కలపకూడదు, వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. నీ బిల్లు చూశాను. నాలుగు సెట్లు రూ.2,396, రెండు సీసాలు రూ.120, కలిపి రూ.2,516. దాని మీద పది శాతం రూ.251.60. ఆ చార్జి మీద కూడా ఐదు శాతం జీఎస్టీ వేశారు, అది రూ.12.58. అంటే నీకు రావాల్సింది రూ.264.18. ఇది చిన్న మొత్తమే, మీ ఆయన నవ్వుతాడు కూడా. కానీ ఇది అడిగితే వాళ్ల దగ్గర ఎదురు వాదన ఉండదు, మాట్లాడడానికి ఇదే తలుపు.

బిల్లు పట్టుకుని నువ్వే వెళ్లు. మూడున్నర, నాలుగు మధ్య వెళితే రద్దీ ఉండదు, మేనేజర్ కూర్చుని వింటాడు. ముందు సర్వీస్ చార్జి వాపసు అడుగు. తర్వాత గుడ్డు సంగతి ఒక కాగితం మీద తారీఖు, టైము, టేబుల్ నంబరుతో రాసి ఇచ్చి, అందినట్టు ఒక కాపీ మీద సంతకం తీసుకో. ఫోటో లేదు కాబట్టి గుడ్డు ఉందని రుజువు చేయడం కష్టం, నీకు అబద్ధపు ఆశ పెట్టను. వెజ్ సెట్ అని మాత్రం బిల్లులో ఉంది. వాళ్లు క్షమాపణ చెప్పి, వంటగదిలో వెజ్ సూప్ కుండ వేరే పెడతామంటే అంతటితో వదిలేయమంటాను. మొండికేస్తే 1915కు ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయొచ్చు. రెండొందల అరవై నాలుగు రూపాయలకు అక్కడిదాకా పోవడం నాకైతే ఇష్టం లేదు. అత్తమ్మ నియమం చెడగొట్టి పైనుంచి ఎకసెక్కం చేస్తే మాత్రం నేనే పొమ్మంటాను.

రేటింగ్ విషయం. ‘థర్డ్ క్లాస్ హోటల్’ అని రాస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది? ఎవరికో కోపం వచ్చిందని తెలుస్తుంది. మేనేజర్‌ను కలిసి వచ్చాక ఇట్లా రాయి: ‘రెండో శనివారం మధ్యాహ్నం 2.15కు నలుగురం వెళ్లాం, సెట్ లంచ్ తీసుకున్నాం. సూప్ గోరువెచ్చగా వచ్చింది, ఫ్రైడ్ రైస్ ఉండలు కట్టింది. వెజ్ సెట్ సూప్‌లో గుడ్డు వచ్చింది. బిల్లులో పది శాతం సర్వీస్ చార్జి కలిపారు.’ చివర్లో అడిగాక వాళ్లు ఏం చేశారో కూడా రాయి, వాపసు ఇస్తే ఇచ్చారని, ఇవ్వకపోతే ఇవ్వలేదని. కూర్చున్న చోటు శుభ్రంగా ఉంటే అదీ రాయి. ఎన్ని స్టార్లన్నది నీ ఇష్టం. వడ్డించిన అబ్బాయి పేరు మాత్రం పెట్టకు, వాడి జీతం కోస్తారు, కుండలో గుడ్డు కొట్టింది వాడు కాదు.

మీ ఆయన లొల్లెందుకు అన్నాడని బాధపడకు. వాళ్ల అమ్మ గిన్నె పక్కకు జరపడం అతనూ చూసే ఉంటాడు కదా. అప్పుడు నోరెత్తనందుకు ఇప్పుడు నీ నోరు మూయిస్తున్నాడేమో అని నా అనుమానం.

ఇక అత్తమ్మ. ఆమె నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తోందని నీ బాధ. ఏం చెబుతోంది ఆమె? గోలీలు పెట్టిండ్రు, తాడు పెట్టిండ్రు, చైనా బువ్వ తిన్నం అని. అన్నీ హోటల్‌ను ఎగతాళి చేసే మాటలే. మొదటి జీతంతో కోడలు తీసుకెళ్లిందనే ముక్క కూడా ఆ కథలో ఉండే ఉంటుంది, ఒకసారి చెవి పెట్టి విను. శనివారం నా నోటి ముందుకు గుడ్డు తెచ్చిందన్న మాట ఒక్కటి చెప్పి ఉంటే వాడకట్టులో నీ పరిస్థితి ఏమయ్యేది? అది నిజం కూడా. ఆమె అనలేదు. టేబుల్ దగ్గర నువ్వు చూడకపోతే గిన్నె జరిపిన సంగతి నీకు కూడా తెలిసేది కాదు.

తలెత్తుకోవడం ఎట్లా అన్నావు. ఈ రోజే, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు, పక్కన కూర్చుని అడుగు: ‘అత్తమ్మా, ఆ రోజు సూప్‌ల గుడ్డు వచ్చింది కదా, నాకెందుకు చెప్పలేదు?’ అని. సారీ అని మొదలుపెట్టకు, ముందు ఆమెను చెప్పనివ్వు. రాత్రి ఆకలితో పడుకుందేమో కూడా అడుగు.

వచ్చే నెల జీతం పడ్డాక మళ్లీ తీసుకెళ్లు, అదే చైనీస్‌కే. ఆదివారం సాయంత్రం ఏడుంపావుకు, మాస్టర్ మంట ముందు నిలబడే వేళకు. సెట్ జోలికి పోకుండా సూప్ వన్ బై టూ చెప్పు, ఒక స్టార్టర్, ఒక ఫ్రైడ్ రైస్ చెప్పు. సరిపోకపోతే ఇంకోటి చెప్పొచ్చు. రంగు వెయ్యొద్దని ముందే చెప్పు. కెప్టెన్ వచ్చి ఎలా ఉందని అడిగినప్పుడు నువ్వు మాట్లాడకు, అత్తమ్మ వైపు చూపించు. మామయ్యకు మాత్రం ఇంట్లో పచ్చిపులుసు చేసిపెట్టి వెళ్లు, ఎందుకైనా మంచిది.